సెమిస్టర్‌కి అద్దె ఈ-పుస్తకం: డబ్బు ఎక్కడ మిగులుతుంది, ఎక్కడ పోతుంది

ఆగస్టు 1న 120 రోజుల అద్దెకు ఈ-టెక్స్ట్‌బుక్ తీసుకుంటే అది నవంబర్ 29న మూతపడుతుంది. అమెరికాలో చాలా యూనివర్సిటీల్లో ఫాల్ సెమిస్టర్ ఫైనల్స్ జరిగేది డిసెంబర్ మొదటి రెండు వారాల్లో. పుస్తకం చేతిలో ఉండాల్సిన రోజుల్లోనే అది తెరుచుకోదు. అదే పుస్తకాన్ని అదే 120 రోజులకు ఆగస్టు 20న తీసుకుంటే డిసెంబర్ 18 దాకా వస్తుంది. ధరలో తేడా లేదు, పుస్తకంలో తేడా లేదు, ఉన్నదల్లా కొన్న తేదీలోనే. స్ప్రింగ్‌కి కూడా ఇదే లెక్క: జనవరి 10న తీసుకుంటే మే 10తో గడువు అయిపోతుంది. మీ ఫైనల్ మే రెండో వారంలో ఉందంటే అంచు మీద ఉన్నట్టే. రోజులు లెక్కకు వచ్చేది క్లాసు మొదలైనప్పటి నుంచి కాదు, డబ్బు కట్టినప్పటి నుంచి. ఈ ఒక్క విషయం తెలియకపోవడం వల్ల, చౌక అనుకుని తీసుకున్నవాళ్లు చివర్లో మళ్లీ డబ్బు కట్టాల్సి వస్తుంది.

ఎమ్మెస్‌కి వెళ్లే మన పిల్లలకూ, అక్కడే పుట్టి పెరిగి కాలేజీలో చేరుతున్న తెలుగు పిల్లల తల్లిదండ్రులకూ పనికొస్తుందని ఈ సమీక్ష. ఇండియాలో చదువుతున్నవాళ్లకు ఈ అద్దె పద్ధతితో పెద్దగా పని లేదు. కోఠీ పాత పుస్తకాల దుకాణాల్లోనో, అబిడ్స్‌లో ఆదివారం సంతలోనో, విజయవాడ లెనిన్ సెంటర్లోనో సెకండ్ హ్యాండ్ పుస్తకం దొరికే ధరకు ఏ అద్దె సర్వీసూ సాటి రాదు. అమెరికాలో సంగతి వేరు. అక్కడ ఒక్క కొత్త అచ్చు పుస్తకం వంద డాలర్లు దాటడం మామూలే. అందుకే అద్దె అనే మాటకు అక్కడ అంత గిరాకీ.

ముందు సర్వీసుల సంగతి. విద్యార్థులు ఎక్కువగా వాడేవి వైటల్‌సోర్స్, రెడ్‌షెల్ఫ్, అమెజాన్ కిండిల్, పియర్సన్ ప్లస్, సెంగేజ్ అన్‌లిమిటెడ్. మొదటి రెండూ పలు ప్రచురణకర్తల పుస్తకాలు పెట్టే దుకాణాలు. చివరి రెండూ ఆయా కంపెనీల సొంత చందాలు. పుస్తకం ఎవరిదన్నది చూడకుండా చందా కట్టేస్తే, మీ సిలబస్‌లో ఉన్నది మరో కంపెనీ పుస్తకం అయినప్పుడు ఆ డబ్బు దండగే.

వీటన్నిటిలో మామూలు అవసరానికి ముందు చూడాల్సింది వైటల్‌సోర్స్. ఎన్నో పుస్తకాలకు 90, 120, 180, 365 రోజుల అద్దెలు పక్కపక్కనే కనిపిస్తాయి, ఏది ఎంతో చూసి ఎంచుకోవచ్చు. 120కీ 180కీ మధ్య తేడా చిన్నదైతే కళ్లు మూసుకుని 180 తీసుకోండి. కోర్సు సకాలంలో పూర్తికాక ఇన్‌కంప్లీట్ గ్రేడ్ వచ్చినా, ఫైనల్ వాయిదా పడినా భయం ఉండదు. దాని బుక్‌షెల్ఫ్ యాప్‌లో పుస్తకం దించుకుని ఇంటర్నెట్ లేకుండా చదువుకోవచ్చు, బిగ్గరగా చదివించుకోవచ్చు. సాధారణంగా రెండు కంప్యూటర్లు, రెండు ఫోన్లు లేదా ట్యాబ్‌ల దాకా అనుమతి. వాపసు నియమం కూడా స్పష్టంగా ఉంటుంది: కొన్న 14 రోజుల్లోపు, పుస్తకంలో 20 శాతానికి మించి చూడకపోతే డబ్బు తిరిగి ఇస్తారు. అందుకని మొదటి రెండు వారాలూ పుస్తకమంతా తిరగేయకుండా కావలసిన అధ్యాయం ఒక్కటే తెరవండి. కోర్సు మార్చుకునే రోజులు అవే కాబట్టి ఈ వెసులుబాటుకు విలువ ఎక్కువ.

కిండిల్‌లో పాఠ్యపుస్తకాల అద్దె 2011 జూలైలో మొదలైంది. ఒక్కసారి చేతిలోకి తీసుకుంటే దాని లోపం వెంటనే తెలుస్తుంది. చాలా పాఠ్యపుస్తకాలు అచ్చు పేజీని ఉన్నదున్నట్టు చూపించే ప్రింట్ రెప్లికా రూపంలో ఉంటాయి. అవి నలుపు తెలుపు కిండిల్ పరికరంలో తెరుచుకోవు. ట్యాబ్, ఫోన్, కంప్యూటర్ యాప్‌లలోనే చదవాలి. 'నా దగ్గర కిండిల్ ఉంది కదా' అని అద్దెకు తీసుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. వాపసుకు 7 రోజులే గడువు. అచ్చు పుస్తకాల అద్దెను అమెజాన్ 2023లో ఆపేసింది కాబట్టి పాత సలహాలు చదివి దాన్ని వెతుక్కోవద్దు.

పియర్సన్ ప్లస్ 2021లో వచ్చినప్పుడు ఒక పుస్తకానికి నెలకు 9.99 డాలర్లు. చూడ్డానికి పది డాలర్లే, కానీ ఒక టర్మ్ అంటే నాలుగు నెలలు, అంటే దాదాపు 40 డాలర్లు. ఆ తర్వాత ధరలు పెరిగాయి. నెల ధరను చూసి మురిసిపోకుండా ఎప్పుడూ నాలుగుతో గుణించి పోల్చుకోండి. చందా దానంతట అదే కొనసాగే రకమా కాదా అన్నది కార్డు వివరాలు ఇచ్చేముందే చూసుకోండి. సెమిస్టర్ అయ్యాక రద్దు చేయడం మరిచిపోతే జనవరిలో కూడా డబ్బు పోతుంది. సెంగేజ్ అన్‌లిమిటెడ్ 2018లో మొదలైనప్పుడు సెమిస్టర్‌కి 119.99 డాలర్లు. మిగతావాటికి లేని గుణం ఒకటి దీనికి ఉంది: పుస్తకాలతో పాటు ఆ కంపెనీ ఆన్‌లైన్ హోంవర్క్ కూడా అందులోనే కలిసి వస్తుంది. ఒకే సెమిస్టర్‌లో రెండు మూడు సెంగేజ్ కోర్సులు పడిన అండర్‌గ్రాడ్ విద్యార్థికి ఇది నిజంగా లాభం. తొమ్మిది క్రెడిట్లతో మూడు కోర్సులు చేసే ఎమ్మెస్ విద్యార్థికి ఆ అవకాశం దాదాపు రాదు.

ఇక అసలు చిక్కు హోంవర్క్ కోడ్ దగ్గర ఉంది. ఎక్కువ డబ్బు వృథా అయ్యేది అక్కడే కాబట్టి కాస్త ఆగి చూడాలి. క్యాల్క్యులస్, కెమిస్ట్రీ, అకౌంటింగ్, స్టాటిస్టిక్స్ లాంటి మొదటి రెండేళ్ల కోర్సుల్లో హోంవర్క్‌ని ప్రొఫెసర్ కాగితం మీద తీసుకోరు. మైల్యాబ్, మాస్టరింగ్, వెబ్‌అసైన్, కనెక్ట్ లాంటి వేదికల్లో చేయాలి. అందులోకి వెళ్లడానికి ఒక్కసారికే పనిచేసే యాక్సెస్ కోడ్ కావాలి. అద్దె దుకాణంలో దొరికే మామూలు ఈ-పుస్తకంలో ఆ కోడ్ ఉండదు. మరోవైపు కోడ్ కొనేటప్పుడు అదే పుస్తకం ఈ-రూపంలో కలిసి వచ్చే ప్యాకేజీలు చాలా ఉన్నాయి. అంటే తొందరపడి ముందు పుస్తకం అద్దెకు తీసుకుని, తర్వాత కోడ్ కొంటే, ఒకే పుస్తకానికి రెండుసార్లు కట్టినట్టు. సెకండ్ హ్యాండ్ పుస్తకంలో అంటించి ఉన్న కోడ్ కూడా పనికిరాదు, మొదటి యజమాని దాన్ని వాడేసి ఉంటాడు.

కాబట్టి వరస ఇలా ఉండాలి. కోర్సు రిజిస్ట్రేషన్ పేజీలోనో, క్యాంపస్ బుక్‌స్టోర్ వెబ్‌సైట్‌లోనో పుస్తకం ఐఎస్‌బీఎన్, అంటే ఆ పుస్తకాన్ని గుర్తించే నంబరు, దొరుకుతుంది. కోర్సు పట్టికలో ఐఎస్‌బీఎన్, ధర చూపించాలని 2008లో వచ్చిన ఉన్నత విద్యా చట్టం చెబుతోంది, 2010 జూలై నుంచి అది అమల్లో ఉంది. ఆ 13 అంకెలు రాసి పెట్టుకోండి. కానీ అప్పుడే కొనవద్దు. మొదటి క్లాసుకు వెళ్లి సిలబస్ చేతికి వచ్చాక మూడు ప్రశ్నలు అడగండి: హోంవర్క్‌కి కోడ్ కావాలా? పాత ఎడిషన్ సరిపోతుందా? పరీక్షకు పుస్తకం తెచ్చుకోనిస్తారా, తెస్తే అచ్చుదేనా? ప్రొఫెసర్‌కి రెండు వాక్యాల ఈ-మెయిల్ పెడితే ఈ మూడింటికీ జవాబు వస్తుంది. 'రికమెండెడ్' అని రాసిన పుస్తకం లేకుండానే స్లైడ్ల మీద నడిచిపోయే కోర్సులు ఎమ్మెస్‌లో ఎన్నో.

దుకాణంలో వెతికేటప్పుడు ఒక తికమక ఎదురవుతుంది. అచ్చు పుస్తకానికి ఒక ఐఎస్‌బీఎన్, ఈ-పుస్తకానికి ఇంకొకటి ఉంటాయి. సిలబస్‌లో ఉన్న నంబరూ, తెర మీద పెద్దగా కనిపించే నంబరూ కలవలేదని గాభరా పడనక్కర్లేదు. వివరాల్లో 'ప్రింట్ ఐఎస్‌బీఎన్' అని విడిగా చూపిస్తారు, అది కలవాలి. దాంతో పాటు ఎడిషన్ సంఖ్య, రచయితల వరస కూడా చూడాలి. లూజ్‌లీఫ్ (బైండింగ్ లేని విడి కాగితాలు), గ్లోబల్ ఎడిషన్ (అమెరికా బయటి దేశాల కోసం వేసేది), ఫలానా యూనివర్సిటీ కస్టమ్ ఎడిషన్ అంటూ అవే పేర్లతో వేరే పుస్తకాలు ఉంటాయి. కస్టమ్ ఎడిషన్‌లో ప్రొఫెసర్ కొన్ని అధ్యాయాలు తీసేసి వరస మార్చి ఉండొచ్చు.

కొన్నిచోట్ల మీరు ఏమీ కొనకుండానే మీ ఫీజు ఖాతాలో పుస్తకం డబ్బు పడిపోతుంది. దాన్నే ఇన్‌క్లూసివ్ యాక్సెస్ అంటారు. బార్న్స్ అండ్ నోబుల్ కాలేజ్ దుకాణాలున్న క్యాంపస్‌లలో ఫస్ట్ డే, ఫస్ట్ డే కంప్లీట్ అనే పేర్లు కనిపిస్తాయి. వద్దనుకునే హక్కు విద్యార్థికి ఉండాలన్నది ఫెడరల్ నియమమే, కానీ దానికి గడువు ఉంటుంది. మామూలుగా కోర్సు మానుకునే చివరి తేదీ చుట్టుపక్కల. ఆ తేదీ దాటితే డబ్బు వెనక్కి రాదు. ఫస్ట్ డే కంప్లీట్ లాంటి పద్ధతిలో ఒక్క కోర్సుకు మాత్రమే వద్దనడం కుదరదు, ఉంటే అన్నిటికీ ఉండాలి, లేదంటే అన్నిటికీ మానాలి. అందుకని సెమిస్టర్‌లో ఉన్న అన్ని పుస్తకాల అద్దెనూ విడివిడిగా కూడి, ఆ మొత్తంతో పోల్చుకోవాలి. ఇంకో జాగ్రత్త: కోడ్ కూడా అదే ప్యాకేజీలో ఉన్న కోర్సులో వద్దని నొక్కితే పుస్తకంతో పాటు హోంవర్క్ లింకు కూడా ఆగిపోతుంది. ముందు కోడ్ విడిగా ఎంతకు వస్తుందో చూసి, అప్పుడు ఆ బటన్ జోలికి వెళ్లాలి.

ఇదే చోట ఖాతాల గొడవ ఒకటి ఉంది. యూనివర్సిటీ కోర్సులు నడిచే వెబ్‌సైట్ కాన్వాస్ ద్వారా వచ్చే పుస్తకం యూనివర్సిటీ ఈ-మెయిల్ మీద తెరుచుకుంటుంది. సొంతంగా అద్దెకు తీసుకున్నది జీమెయిల్ మీద ఉంటే రెండూ రెండు వేర్వేరు అరల్లో పడతాయి. 'డబ్బు కట్టాను, పుస్తకం కనిపించడం లేదు' అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇదే. అద్దెకైతే యూనివర్సిటీ ఈ-మెయిల్ వాడితే సుఖం. శాశ్వతంగా కొనే పుస్తకానికి మాత్రం సొంత ఈ-మెయిల్ వాడండి, ఎందుకంటే డిగ్రీ అయ్యాక యూనివర్సిటీ ఈ-మెయిల్ చేతిలో ఉంటుందన్న నమ్మకం లేదు.

ధర పోల్చేటప్పుడు చాలామంది చేసే పొరపాటు, కొన్న ధరనూ అద్దె ధరనూ పక్కపక్కన పెట్టి చూడటం. చేతి నుంచి చివరికి ఎంత పోయిందన్నదే లెక్క. ఒక పుస్తకం సెకండ్ హ్యాండ్‌లో 80 డాలర్లు అనుకుందాం. సెమిస్టర్ చివర జూనియర్‌కి 50కి అమ్మితే మీకు పడింది 30. అదే పుస్తకం 180 రోజుల ఈ-అద్దె 45 అనుకుంటే, చౌకగా కనిపించిన అద్దెకే 15 డాలర్లు ఎక్కువ పడింది. కొత్త ఎడిషన్ రాబోతున్న పుస్తకమైతే లెక్క తిరగబడుతుంది: మీ చేతిలో ఉన్న 80 డాలర్ల పుస్తకాన్ని అప్పుడు ఎవరూ కొనరు, అద్దే నయం. అంటే ఎడిషన్ వయసు చూడాలి. ఎడిషన్ వచ్చి ఏడాదే అయితే కొని అమ్ముకోవచ్చు, నాలుగైదేళ్లు దాటితే అద్దెకు తీసుకోండి. డిజిటల్ కొనుగోళ్ల మీద కొన్ని రాష్ట్రాల్లో సేల్స్ టాక్స్ పడుతుంది, కాలిఫోర్నియా లాంటి చోట్ల పడదు. అందుకని చెక్‌అవుట్ పేజీలో చివర కనిపించే అంకెనే లెక్కలోకి తీసుకోండి.

ఒక పుస్తకాన్ని ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్న నలుగురూ పంచుకోవడం మన వాళ్లలో మామూలు. అచ్చు పుస్తకానికి అది చక్కగా సరిపోతుంది. ఈ-అద్దెకు సరిపోదు. పరికరాల పరిమితి రెండు రోజుల్లో నిండిపోతుంది, పాస్‌వర్డ్ పంచుకోవడం ఒప్పందానికి విరుద్ధం, ఖాతా ఆగిపోతే డబ్బు కట్టిన మనిషికే నష్టం. అద్దె పుస్తకంలోంచి ప్రింట్ తీసి పంచుదామన్నా కష్టమే. ఒక్కసారికి కొన్ని పేజీలకే అనుమతి, మొత్తం ఎన్ని పేజీలన్నది ప్రచురణకర్త నిర్ణయిస్తాడు. ఇద్దరికంటే ఎక్కువమంది ఒకే కోర్సులో ఉన్నారంటే పాత అచ్చు పుస్తకం ఒకటి కొనుక్కోవడమే తెలివైన పని.

చదివే అనుభవం గురించి చెప్పాలంటే, రూపాన్ని బట్టి రెండు రకాలు. పీడీఎఫ్ రకంలో పేజీ అచ్చులో ఉన్నట్టే ఉంటుంది. క్లాసులో ప్రొఫెసర్ '214వ పేజీ' అంటే సరిగ్గా అక్కడికి వెళ్లొచ్చు. కానీ ఫోన్లో అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి, ప్రతి పేరాకీ పెద్దది చేసి పక్కకు జరపాలి. ఈపబ్ రకంలో అక్షరం తెరకు తగ్గట్టు సర్దుకుంటుంది, బస్సులో ఫోన్ మీద హాయిగా చదవొచ్చు. కానీ పెద్ద సమీకరణాలూ, వెడల్పాటి పట్టికలూ విరిగిపోతాయి, బొమ్మ ఒకచోటా దాని వివరణ ఇంకోచోటా పడతాయి. గణితం, ఇంజినీరింగ్ పుస్తకమైతే పీడీఎఫ్ రకమూ కనీసం పదంగుళాల తెరా కావాలి. మేనేజ్‌మెంట్, సైకాలజీ లాంటి మాటలు ఎక్కువ ఉన్న పుస్తకానికి ఈపబ్ చాలు. ఏ రకమన్నది పుస్తకం వివరాల్లో రాసి ఉంటుంది. ఈ-పుస్తకానికి తిరుగులేని బలం వెతుకులాట. ఎనిమిది వందల పేజీల పుస్తకంలో ఒక పదం ఎక్కడెక్కడ వచ్చిందో క్షణంలో చూపిస్తుంది. ఇంటికి ఇచ్చే ఓపెన్ బుక్ అసైన్‌మెంట్లలో అచ్చు పుస్తకం ఈ విషయంలో దీని దరిదాపులకు రాదు.

క్లాసులో కూర్చుని రాసే ఓపెన్ బుక్ పరీక్షకు మాత్రం ఇదే బలహీనత. ఎలక్ట్రానిక్ పరికరాలు వద్దు, అచ్చు పుస్తకమూ చేతిరాత నోట్సూ మాత్రమే తెచ్చుకోండి అనే ప్రొఫెసర్లు ఉన్నారు. పరీక్ష ల్యాప్‌టాప్ మీదే అయినా పరీక్ష తప్ప మరేదీ తెరవనివ్వని లాక్‌డౌన్ బ్రౌజర్ పెడితే అదే ల్యాప్‌టాప్‌లో ఇంకో యాప్ తెరుచుకోదు, ఈ-పుస్తకం ఉన్నా లేనట్టే. మొదటి క్లాసులో మూడో ప్రశ్న తప్పక అడగమన్నది ఇందుకే.

అద్దెకు ముందు చూడాల్సిన దారులు మూడు ఉన్నాయి. మొదటిది ఇండియన్ ఎడిషన్. 'భారత ఉపఖండంలో అమ్మకానికి మాత్రమే' అని అట్ట మీద ఉండే పుస్తకాన్ని అమెరికా తీసుకెళ్లడం తప్పేమోనని చాలామందికి సందేహం. కార్నెల్‌లో చదివిన థాయ్ విద్యార్థి సుపాప్ కీర్త్‌సేంగ్ తన దేశం నుంచి చౌక పుస్తకాలు తెప్పించి అమెరికాలో అమ్మితే, ప్రచురణ సంస్థ వైలీ కోర్టుకు వెళ్లింది. విదేశంలో చట్టబద్ధంగా అచ్చయిన పుస్తకాన్ని కొన్నవాడు అమెరికాలో తిరిగి అమ్ముకోవచ్చని సుప్రీంకోర్టు 2013లో 6-3తో తేల్చింది. అమ్ముకోవడానికే అభ్యంతరం లేనప్పుడు, చదువుకోవడానికి పెట్టెలో తీసుకెళ్లడంలో తప్పేముంది? ఇబ్బంది వేరే చోట ఉంది. అధ్యాయం చివరి లెక్కల వరస అమెరికా ఎడిషన్‌తో కలవకపోవచ్చు, యూనిట్లు కూడా మారొచ్చు. '4.17 చేయండి' అని హోంవర్క్ ఇస్తే మీ పుస్తకంలోని 4.17 ఇంకో లెక్క అవుతుంది. పాఠం చదవడానికి ఇండియన్ ఎడిషన్ ఉంచుకుని, లెక్కల పేజీలు లైబ్రరీ ప్రతిలో చూసుకుంటే అది తీరుతుంది. అన్ని కోర్సులకూ మోసుకెళ్లకండి. డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్స్ లాంటి ఉద్యోగ ఇంటర్వ్యూల దాకా పనికొచ్చేవి ఒకటి రెండు చాలు. అలాంటి పుస్తకాన్ని ఎప్పుడూ అద్దెకు తీసుకోవద్దు, సెమిస్టర్ అయిన మరుసటి నెలలోనే మళ్లీ కావలసి వస్తుంది.

రెండోది యూనివర్సిటీ లైబ్రరీ. కోర్సు పుస్తకాలను విడిగా పెట్టే కోర్స్ రిజర్వ్‌లో అచ్చు ప్రతి రెండు మూడు గంటలకు ఇస్తారు. లైబ్రరీ చందా ఉంటే స్ప్రింగర్ అనే ప్రచురణ సంస్థ పుస్తకాలు అధ్యాయాల వారీగా పీడీఎఫ్‌లో దించుకోవచ్చు, వాటికి గడువూ తాళమూ ఉండవు. అదే లైబ్రరీలకు ఈ-పుస్తకాలు అందించే ప్రోక్వెస్ట్, ఎబ్‌స్కో వేదికల్లో కొన్ని పుస్తకాలను ఒకేసారి ఒక్కరో ముగ్గురో మాత్రమే తెరవగలరు. మిడ్‌టర్మ్ ముందు రాత్రి మీకు దొరక్కపోవడానికి కారణం అదే. వాటిని వారం ముందే చదివేసుకోవాలి. మూడోది ఓపెన్‌స్టాక్స్. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ 2012 నుంచి నడుపుతున్న ఈ సంస్థలో ఫిజిక్స్, క్యాల్క్యులస్, బయాలజీ, ఎకనామిక్స్ లాంటి మొదటి ఏడాది పుస్తకాలు పూర్తిగా ఉచితం. సిలబస్‌లో ఇంకో పుస్తకం ఉన్నా, కోడ్ కొన్నాక పాఠం చదవడానికి ఇది చాలిన సందర్భాలు ఎన్నో.

ఇవేవీ కుదరనప్పుడు, కోడ్ అక్కర్లేని, ఒక్క సెమిస్టర్‌తో పని తీరిపోయే, కచ్చితంగా అదే ఎడిషన్ కావాల్సిన పుస్తకానికి ఈ-అద్దె మంచి సరుకు. ఎలక్టివ్ కోర్సు పుస్తకాలకు మరీ బాగా సరిపోతుంది.

అద్దెకు తీసుకున్న రోజే పుస్తకం పూర్తిగా దించుకోండి. ఏ దేశంలో ఏ పుస్తకం అమ్మాలన్నది ప్రచురణ హక్కులను బట్టి మారుతుంది కాబట్టి, హైదరాబాద్‌లో ఉండగానే కొనేద్దామని తొందరపడకండి. అక్కడికి చేరాక అక్కడి దుకాణంలో కొనండి. గడువు తేదీని ఫోన్ క్యాలెండర్‌లో రెండుసార్లు పెట్టుకోండి, పది రోజుల ముందు ఒకసారి, రెండు రోజుల ముందు ఒకసారి. దించుకున్న ప్రతి కూడా గడువు రోజున తాళం పడుతుంది. మొదటి గంట మోగినప్పుడే గీతలు గీసిన భాగాలూ, మీరు రాసుకున్న నోట్సూ వర్డ్ ఫైల్లోకి తీసేసుకోండి. ఒకేసారి అన్నీ కాపీ కావు, కాపీకి కూడా ప్రచురణకర్త పెట్టిన పరిమితి ఉంటుంది. అందుకే సెమిస్టర్ పొడుగునా వాక్యాలకు రంగు పూయడంతో సరిపెట్టకుండా, పక్కన సొంత మాటల్లో ఒక్కో వరస రాసుకున్నవాళ్లకే చివర్లో ఎక్కువ మిగులుతుంది.